కోరి తెచ్చుకున్న నొప్పి

మన ఇళ్ళలో జబ్బులకు కూడా ఒక మర్యాద ఉంది. మోకాలి చిప్ప మార్పించుకుని వస్తే బంధువులు యాపిల్ పళ్ళు పట్టుకుని పరామర్శకు వస్తారు. శుక్లాలు తీయించుకుంటే నల్లకళ్ళద్దాలు చూడగానే "జాగ్రత్తమ్మా, తలకు నీళ్ళు పోసుకోకు" అని ప్రతివాళ్ళూ ఒక సలహా ఇస్తారు. పిత్తాశయంలోంచి తీసిన రాళ్ళను చిన్న సీసాలో దాచి, వచ్చినవాళ్ళందరికీ ప్రదర్శించే మహానుభావులను కూడా నేనెరుగుదును. కనురెప్పల మీద సాగి వేలాడుతున్న చర్మం తీయించుకుని వచ్చామంటే మాత్రం ఈ మర్యాదలేవీ ఉండవు. "ఈ వయసులో నిన్నెవరు చూడొచ్చారే?" అన్నది మొదటి పలకరింపు. నొప్పిగా ఉందంటే "కోరి తెచ్చుకున్నావుగా" అన్నది ఓదార్పు.

ఆ రెండో మాట గురించే ఈ నాలుగు ముక్కలు రాయాలనిపించింది. అది మనసుకు తగిలే మాట మాత్రమే కాదు, ఒక్కోసారి కంటికి ప్రమాదం తెచ్చే మాట కూడా. ఎందుకో చెబుతాను.

ముప్ఫై ఏళ్ళు బడిపిల్లల నోటుపుస్తకాలు దిద్దిన కళ్ళు నావి. యాభై దాటాక పైరెప్పల చర్మం మడతలు పడి, రానురాను కనురెప్ప వెంట్రుకల మీదికి జారింది. కాస్త పైకి చూడాలంటే కనుబొమలు ఎత్తాలి. అలా పొద్దస్తమానం ఎత్తి ఎత్తి, సాయంత్రానికి నుదురు పట్టేసినట్టు నొప్పి. నేను రిటైరయ్యే సంవత్సరం అయిదో తరగతి కుర్రాడొకడు "మేడమ్, ఝోప్ ఆలీ కా?" అని మరాఠీలో అడిగాడు. నిద్ర వస్తోందా అని. వాడికి నా మీద జాలి, నాకు నవ్వు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే మాత్రం నవ్వు రాలేదు. పాపం వాడన్నది నిజమే, నిద్రమొహంలాగే ఉంది.

నాగపూరులో చూపు పరిధి పరీక్ష చేసిన డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "పైచూపు కొద్దిగా అడ్డుపడుతోంది. ఆపరేషన్ చేయించుకోకపోయినా కంటికి ముప్పేమీ లేదు. చేయించుకుంటే హాయిగా ఉంటుంది, ముఖం కూడా తేటగా ఉంటుంది" అంది. అంటే సగం అవసరం, సగం ముచ్చట. ముచ్చట అన్న సగాన్ని నేనెవరి దగ్గరా దాచలేదు. అలసిపోకుండానే అలసిపోయినట్టు కనిపించడం నాకిష్టం లేకపోయింది. జుట్టుకు రంగు వేసుకుంటే, పళ్ళు కట్టించుకుంటే రాని తప్పు రెప్పల దగ్గర ఎందుకు రావాలి?

హైదరాబాదులో చేయించుకొమ్మని మంచిర్యాల నుంచి మా ఆడపడుచు ఫోను మీద ఫోను. నిజమే, కళ్ళ విషయంలో హైదరాబాదుకు పేరుంది. 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని స్థాపించిన దగ్గర్నుంచి మన వాళ్ళందరికీ అదే దిక్కు. కానీ మా చంద్రపూర్ నుంచి హైదరాబాదంటే బల్లార్షాలో రైలెక్కి ఒక పూట ప్రయాణం. నాగపూరైతే 150 కిలోమీటర్లు, కారులో మూడు గంటలు. ఇలాంటి ఆపరేషన్‌కు ఊరు ఎంచుకునేటప్పుడు కత్తి పట్టే చెయ్యి ఎంత ముఖ్యమో, తర్వాత అవసరమైతే ఆ చేతి దగ్గరికి ఎంతసేపట్లో చేరగలమన్నదీ అంతే ముఖ్యం. మనలాగా పెద్ద నగరాలకు దూరంగా ఉండేవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఇంకో లెక్క కూడా ఉంది. చేసేవారు రెప్పల శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ ఉన్నవారా అని మొహమాటం లేకుండా అడగాలి. కళ్ళు పొడిబారే బాధ, థైరాయిడ్, నీటికాసులు, బీపీ, షుగరు ఏది ఉన్నా ముందే చెప్పాలి. గుండెకోసం రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు వాటిని తమంతట తాము ఆపకూడదు, రాసిన డాక్టరునూ ఆపరేషన్ చేసే డాక్టరునూ ఇద్దరినీ అడగాలి. వెల్లుల్లి గుళికలు, చేపనూనె గుళికలు, మూలికల పొడులు కూడా చెప్పాల్సిన జాబితాలోవే. అవేం మందులులే అని చాలామంది చెప్పరు.

సంక్రాంతి వెళ్ళిన వారంలో ముహూర్తం కుదిరింది. మా చంద్రపూర్ ఎండల సంగతి మీకు తెలిసిందే. మే నెలలో 45, 46 డిగ్రీలు మాకు వింతేమీ కాదు. ఆ వేడిలో, ఆ దుమ్ములో పచ్చి కుట్లతో ఉండటం నా వల్ల కాదని చలికాలమే కోరుకున్నాను.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒంట్లో అన్నిచోట్లకన్నా పలచని చర్మం కనురెప్పదేనట, మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. రెప్ప మడత పడే గీత వెంబడే కోసి, ఎక్కువైన చర్మాన్ని కొలిచినట్టుగా తీసి, సన్నని దారంతో కుట్టారు. ఆ చోటు మాత్రమే మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చారు కాబట్టి మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. సుమారు గంటలో అయిపోయింది. సాయంత్రానికి ఇంటికి పంపేశారు.

అసలు సంగతి ఆ తర్వాతే మొదలవుతుంది. ఇంటికంటే చంద్రపూర్‌కు కాదు, నాగపూరులోనే ఉన్న మా పిన్నికూతురింటికి. మొదటి రెండు రాత్రులు ఊళ్ళోనే ఉండాలని డాక్టరమ్మ షరతు. "ఎందుకమ్మా అంత?" అని మావారు అడిగితే ఆవిడ కుర్చీ లాగి కూర్చుని చెప్పిన మాటలు ఇవి. చాలా అరుదుగా ఈ ఆపరేషన్ తర్వాత కనుగుడ్డు వెనక రక్తం చేరుతుంది. రెప్పల సర్జన్ల అనుభవాలు పోగుచేసి 2004లో అమెరికాలో అచ్చువేసిన ఒక సర్వేలో అలా జరిగింది 2,000 మందిలో ఒకరికి. దానివల్ల చూపు శాశ్వతంగా పోయింది 22,000 మందిలో ఒకరికి. అంటే భయపడి మానుకోవాల్సినంత కాదు, కానీ తెలియకుండా ఉండాల్సినంత తక్కువా కాదు. ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది, ఒక్కోసారి ఆ తర్వాత కూడా రావచ్చు. గుర్తులు ఏమిటంటే, ఒక కంట్లో నొప్పి తగ్గడం మాని అంతకంతకూ పెరగడం, గుడ్డు ముందుకు పొడుచుకొచ్చి గట్టిగా బిగుసుకున్నట్టుండటం, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం. అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు. చూపునరం రక్తపు ఒత్తిడిని తట్టుకునేది కొద్ది గంటలే. కుట్లు విప్పి ఆ ఒత్తిడి వెంటనే తగ్గిస్తే చూపు దక్కే అవకాశం ఎక్కువ.

మావారు ఆ రాత్రి నిద్రపోలేదు. రెండు గంటలకోసారి నన్ను లేపి, ఒక కన్ను మూయించి, గోడ మీది కేలండర్లో తేదీ చదివించారు. తర్వాత రెండో కన్ను. రెండు కళ్ళూ తెరిచి చూస్తే ఒక కంటి లోపం మరో కన్ను కప్పేస్తుంది కాబట్టి విడివిడిగా చూడటమే పద్ధతి. ఇంటికి వచ్చాక కూడా పది రోజులు మా వంటింట్లో ఈ పరీక్ష సాగింది. మా గోడకు మరాఠీ కాల్‌నిర్ణయ్, దాని పక్కనే ఏలూరు వెంకట్రామా వారి కేలండరు ఉంటాయి. కుడికంటితో మరాఠీ, ఎడమకంటితో తెలుగు చదివేదాన్ని. మలాం పూసుకున్న కాసేపు ఎలాగూ అంతా మసకే కాబట్టి, అది తుడుచుకున్నాకే చదవాలని ఒక్కరోజులో తెలిసిపోయింది.

మూడోరోజు చంద్రపూర్ చేరాం. ఆ ఉదయం అద్దంలో చూసుకుంటే సురభి నాటకంలో రాక్షసి వేషం గుర్తొచ్చింది. రెప్పలు బూరెల్లా ఉబ్బాయి. కళ్ళకింద నేరేడుపండు రంగు. రెండో రోజు, మూడో రోజు వాపు బాగా పెరగడం మామూలే. తర్వాత ఆ నలుపు బరువుకి కిందికి దిగి బుగ్గల మీదికి వస్తుంది. ఊదా, ఆకుపచ్చ, పసుపు ఇలా రంగులు మారుస్తూ పది పదిహేను రోజుల్లో వెళ్ళిపోతుంది. మొదటి రెండురోజులు శుభ్రమైన బట్టతో చల్లటి కాపడం పెట్టమన్నారు. మంచుముక్క మాత్రం నేరుగా తగలకూడదు. రెప్ప మొద్దుబారి ఉంటుంది కాబట్టి చర్మం చలికి కాలినా మనకు తెలియదు. తలకింద రెండు దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి.

సంక్రాంతి నుంచి రథసప్తమి దాకా మహారాష్ట్రలో పసుపుకుంకుమల పేరంటాలు. హల్దీ-కుంకూ అంటారు ఇక్కడ. ఆ రోజుల్లో ఏ ఇంటి తలుపూ గంటసేపు మూసి ఉండదు. మా ఇల్లు తుకూమ్‌లో. పక్కింటి కాకూ పిలుపుకని వచ్చి నన్ను చూసి "కాయ్ ఝాలం డోళ్యాలా?" అని గుండెమీద చెయ్యి వేసుకుంది. నేను నోరు తెరిచేలోగా మావారు "మోతీబిందు" అనేశారు. అంటే శుక్లాలు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు, నలుగురూ నాలుగు మాటలు అనకుండా. కానీ దాంతో ఎక్కడలేని చిక్కు వచ్చిపడింది. శుక్లాలు తీయించుకున్న నలుగురు వచ్చారు. "రెండు కళ్ళూ ఒకేసారి చేశారా?" అని ఒకరు, "మాకు ఇలా నల్లబడలేదే, మీ డాక్టరెవరో మంచివాడు కాడు" అని ఇంకొకరు. ఏ పాపం ఎరుగని డాక్టరమ్మకు చెడ్డపేరు వచ్చేలా ఉందని మర్నాడు నేనే కాకూకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ కాసేపు నా ముఖంలోకి చూసి, "మరి నొప్పిగా ఉందా?" అంది. అంతే. తిళ్‌గూళ్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అంతకన్నా మంచి పరామర్శ ఆ నెలలో నాకెవరూ చేయలేదు.

అందరూ కాకూలు కారు కదా. "ఇవన్నీ సినిమావాళ్ళకి, మనకెందుకు?" అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు తెలియనిదేమిటంటే రెప్ప కోసి కుట్టడం మన దేశానికి కొత్తకాదు. రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి కంటికి గుచ్చుకునే పక్ష్మకోపానికి రెప్ప మీది చర్మాన్ని యవగింజ ఆకారంలో కోసి తీసి, వెంట్రుకతో కుట్టే విధానం సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో ఉంది. మన మహారాష్ట్రలోనే పూనా దగ్గర కొవాస్జీ అనే బండివాడికి నుదుటి చర్మంతో కొత్త ముక్కు చేసిన వైనం 1794లో లండన్ పత్రికలో అచ్చయింది, యూరపు వైద్యులు దాన్ని చూసి నేర్చుకున్నారు. పోగొట్టుకున్న ముక్కుతో ప్రాణానికేమీ భయం లేదు, అయినా ఆ మనిషికి ముఖం కావాల్సివచ్చింది. ఇక ఈనాటి సంగతి చూస్తే, 2024లో ప్రపంచం మొత్తం మీద అందం కోసం చేసిన శస్త్రచికిత్సల్లో అన్నిటికన్నా ఎక్కువగా చేసింది కనురెప్పలకే, 21 లక్షలకు పైగా. వాళ్ళందరూ సినిమావాళ్ళు కారు.

సలహాల విషయానికొస్తే, మన వాళ్ళ ప్రేమ అంతా కంట్లో వేసే మందుల్లోనే ఉంటుంది. నందివర్ధనం పూలు రెప్పలమీద పెట్టుకొమ్మని ఒకరు, ఆముదం రాయమని ఒకరు, తేనె చుక్క వేయమని ఒకరు, పసుపు పట్టు వేయమని ఒకరు. మా అత్తగారి కాలంలో అయితే చనుబాలు కూడా వేసేవారు. ఎవరి ప్రేమనూ కాదనలేం కానీ, పచ్చిగా ఉన్న కుట్ల మీద ఇవేవీ పడకూడదు. డాక్టరు రాసిన చుక్కలు, రాసిన మలాం, శుభ్రంగా కడుక్కున్న చేతులు, అంతవరకే. కాటుక సంగతి డాక్టరు సరేననేదాకా మరచిపోవాలి. కుంకుడుకాయల తలంటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కుంకుడురసం ఒక్క చుక్క కంట్లో పడితే మామూలప్పుడే ప్రాణం లేచిపోతుంది, కుట్లున్నప్పుడు ఆ సాహసం ఎందుకు? నేను రెండు వారాల తర్వాత, కుర్చీలో వెనక్కి వాలి, మా అమ్మాయి చేత తలంటించుకున్నాను.

అన్నిటికన్నా కష్టమైనది వంగకుండా ఉండటం. ఆడవాళ్ళ పనంతా వంగి చేసేదేనని అప్పుడు తెలిసింది. చీపురు పట్టాలంటే వంగాలి, ముగ్గు వేయాలంటే వంగాలి, బియ్యం డబ్బాలోంచి బియ్యం తీయాలంటే వంగాలి, దేవుడికి దండం పెట్టాలన్నా వంగాలి. వంగినా, బరువులెత్తినా, ముక్కి మూల్గినా రక్తం ముఖంలోకి పోటెత్తి లోపల మళ్ళీ చిమ్మే ప్రమాదం ఉంది. అందుకే మలబద్ధకం కూడా రాకుండా చూసుకొమ్మంటారు. రెండు వారాలు నేను నిలబడే దండం పెట్టాను. దేవుడు ఏమీ అనుకోలేదు. మావారు మాత్రం నేలమీద పడ్డ చెంచాలు తీసి తీసి నడుం పట్టుకున్నారు.

అయిదో రోజు రాత్రి ఇద్దరం నిజంగా భయపడ్డాం. ఎడమరెప్ప వాపు బాగా తీసింది, కుడిది మాత్రం అలాగే ఉంది. అద్దంలో ఒక కన్ను పెద్దదిగా, ఒకటి చిన్నదిగా కనిపించింది. అది చాలదన్నట్టు అర్ధరాత్రి మావారు నన్ను తట్టి లేపారు. "నువ్వు కళ్ళు తెరిచి పడుకుంటున్నావు" అన్నారు వణుకుతున్న గొంతుతో. కుడిరెప్ప పూర్తిగా మూతపడక, సన్నటి సందులోంచి తెల్లగుడ్డు కనిపిస్తోందట. చర్మం ఎక్కువ తీసేశారేమో, ఇక ఈ కన్ను జన్మలో మూతపడదేమో అన్న ఆలోచన వస్తే మళ్ళీ నిద్ర ఎక్కడిది?

కేలండరు పరీక్ష చేశాం, రెండు కళ్ళూ చక్కగా చదివాయి. నొప్పి పెరగలేదు, ఎరుపు లేదు, జ్వరం లేదు. అందుకని తెల్లారేదాకా ఆగి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపించి, ఫోను చేశాం. డాక్టరమ్మ నవ్వలేదు, విసుక్కోలేదు. మొదటి వారాల్లో వాపువల్లా, రెప్ప కండరం ఇంకా బలం పుంజుకోకపోవడంవల్లా కన్ను కొంచెం మూతపడకపోవడం తరచుగా ఉండేదేనంది. రాత్రి మలాం దండిగా పెట్టి, పగలు చుక్కలు తరచుగా వేస్తే కంటి నల్లగుడ్డు ఎండిపోకుండా ఉంటుందంది. ఆ తర్వాత ఒక మాట చెప్పింది. వాపు, నలుపు, దురద, కుట్లు బిగుసుకున్నట్టుండటం, రెండు కళ్ళూ రెండు రకాలుగా మానడం, ఇవి ఓపిక పట్టాల్సినవి. వెలుతురు చూడలేకపోవడం, కంట్లో ఇసుక పోసినట్టు నొప్పి, చీము, పాకుతున్న ఎరుపు, జ్వరం, చూపు తగ్గడం, ఇవి పరుగెత్తాల్సినవి. ఏ వైపుదో తెలియకపోతే ఫోను చేయాల్సిందే. ఆ మాటలు మావారు కాయితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించారు.

ఏడో రోజున నాగపూరు వెళ్ళి కుట్లు తీయించుకున్నాం. మొత్తంగా నిమిషం పని. చీమ కుట్టినంత నొప్పి. "ఇక అయిపోయింది" అనుకున్నాను కానీ, డాక్టరమ్మ "ఇక మొదలైంది" అంది. రెప్ప తన చివరి రూపానికి రావడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుందట. అంతకన్నా ముందే "ఇది ఎక్కువ, అది తక్కువ" అని మళ్ళీ కోయించుకోవడానికి తొందరపడకూడదట. ఆవిడ అన్నట్టే జరిగింది. మచ్చ మొదట ఎర్రగా, గట్టిగా ఉంది. వెంట్రుకల అంచు నెలన్నర పాటు మొద్దుబారినట్టే ఉంది. కుట్ల దారిలో ఆవగింజలో సగమంత తెల్లటి పొక్కులు రెండు వచ్చాయి, ఒకటి దానంతటదే పోయింది, రెండోదాన్ని సూదిమొనతో తీశారు. రోజుకు పదిసార్లు అద్దం చూడటం మాని, వారానికోసారి, ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు ఫొటో తీయించుకోవడం మొదలుపెట్టాను. రోజూ చూస్తే తేడా తెలియదు, భయమే పెరుగుతుంది. నాలుగు ఫొటోలు వరుసగా పెట్టి చూసుకుంటే మానడం కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది.

మార్చి వచ్చేసరికి మా ఊరి పరీక్షలు మొదలయ్యాయి. ఒకవైపు బొగ్గు లారీలు, మరోవైపు 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం. తుకూమ్‌లో ఆరబెట్టిన తెల్లచీర సాయంత్రానికి తెల్లగా ఉండదు. బయటికి వెళ్తే పక్కలు మూసి ఉండే కళ్ళద్దాలు తప్పనిసరి చేసుకున్నాను. కొత్తమచ్చకు ఎండ తగిలితే నల్లబడుతుంది కాబట్టి గొడుగు కూడా. ఇంట్లో అసలు శత్రువు కూలరు. విదర్భలో కూలరు లేకుండా వేసవి గడవదు, కానీ ఆ గాలి నేరుగా ముఖానికి కొడితే పొడిబారిన కళ్ళు భగ్గుమంటాయి. దాని ముఖం కాళ్ళవైపు తిప్పుకుని పడుకుంటే ఇద్దరికీ క్షేమం. చైత్రంలో మహాకాళి యాత్రకు తెలంగాణ నుంచి మా చుట్టాలు వచ్చేనాటికి, చెబితే తప్ప ఎవరికీ తెలియనంతగా మానిపోయింది. మా ఆడపడుచు నన్ను ఎగాదిగా చూసి "ఒళ్ళు చేసినట్టున్నావు వదినా" అంది. కళ్ళ ఊసే లేదు. అదే నాకు పెద్ద మెప్పు.

ఇంతవరకూ చెప్పింది నా కథ. ఇది రాయాలనిపించింది మాత్రం ఇంకొకరివల్ల. కాకూకి చెప్పిన నిజం పేరంటాల్లో చేతులు మారి, మూడు వారాల తర్వాత మన తెలుగావిడే ఒకామె మధ్యాహ్నం పూట, ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చింది. పేరూ ఊరూ వద్దు. ఎనిమిది నెలల క్రితం వేరే నగరంలో కిందిరెప్పల సంచులు తీయించుకుందట. ఒకవైపు కిందిరెప్ప కిందికి లాగేసినట్టుండి, లోపలి ఎరుపు కనిపిస్తోంది. కన్ను ఎప్పుడూ నీరు కారుతుంది, రాత్రిళ్ళు మంట. ఇంట్లో చెప్పుకోలేదు. గాజులు కుదువపెట్టి చేయించుకున్న పని, ఏమని చెబుతుంది? చేసినచోటికి ఒకసారి ఫోను చేస్తే "సర్దుకుంటుంది" అన్నారట. మళ్ళీ చేయడానికి మొహమాటపడింది. "కోరి చేయించుకున్నదానికి ఏడవడం ఎందుకని ఊరుకున్నానండీ" అంది.

మర్నాడే ఇద్దరం కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మూతపడని కంట్లో నల్లగుడ్డు కింది భాగం ఎండి గీరుకుపోయిందన్నారు. ఇంకా ఆలస్యమైతే పుండు పడి మచ్చ మిగిలేదట. ముందు చుక్కలు, రాత్రిపూట మలాం, రెప్పను పట్టి ఉంచే టేపు. కొన్ని నెలల తర్వాత రెప్పకు ఊతమిచ్చే చిన్న ఆపరేషన్. ఇప్పుడావిడ బాగానే ఉంది. ఆ ఎనిమిది నెలలు ఆవిడను బాధపెట్టింది రెప్ప ఒక్కటే కాదు, నోరు విప్పనివ్వని సిగ్గు కూడా. గాయానికి అందం, అవసరం అన్న తేడా తెలియదు. దేనికోసం కోసినా ఒకేలా వాస్తుంది, ఒకేలా మానుతుంది, మానకపోతే ఒకేలా చెడుతుంది. తేడా అంతా మన పరామర్శలోనే ఉంది.

కాబట్టి ఈ పత్రిక చదివే అక్కచెల్లెళ్ళకు నేను చెప్పేది ఒకటే. చేయించుకోండనీ అనను, మానుకోండనీ అనను. అది మీ ముఖం, మీ ఇష్టం. చేయించుకుంటే మాత్రం కనీసం ఒక్క మనిషికైనా ఉన్నదున్నట్టు చెప్పి చేయించుకోండి. అర్ధరాత్రి మీ కన్ను చూసి చెప్పడానికి, కారు తీయడానికి ఒకరు ఉండాలి. డాక్టరుకు మళ్ళీ మళ్ళీ ఫోను చేయడానికి సిగ్గుపడకండి. ఫీజు తీసుకున్నది కోసినందుకే కాదు, మానేదాకా చూసినందుకు కూడా.

ఇళ్ళలో మగవాళ్ళకూ, పెద్దవాళ్ళకూ ఒక మనవి. "ఎందుకు చేయించుకున్నావు?" అన్న ప్రశ్న ఆపరేషన్‌కు ముందు అడిగితే అర్థం ఉంది. తర్వాత అడగాల్సింది మా కాకూ అడిగిన ప్రశ్నే. అది నాలుగు మాటలు కూడా లేదు, ఏ భాషలోనైనా తేలికే.

ఇంకా ఏమైనా అడగదలచుకున్నవాళ్ళు మన సమాజం ఉగాది విందులో నన్ను పట్టుకోవచ్చు. ఎప్పటిలాగే పులిహోర కలిపే చోటే ఉంటాను. ఇప్పుడు వంగడానికి నాకే అభ్యంతరమూ లేదు.